తపస్సుకాలంలో ఏం వినాలి: కొన్ని కతోలిక పాడ్‌కాస్ట్‌లు, కొంత సంగీతం

తపస్సుకాలం (లెంట్, అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస, ప్రార్థనల కాలం) మొదలయ్యే వారంలో ఫోన్ తెరిస్తే చాలు, ఈ నలభై రోజులూ ఇది వినండి, అది వినండి అని సలహాలు వరసపెట్టి వచ్చేస్తాయి. వాటిలో మంచివి చాలానే ఉన్నాయి, కాదనను. కానీ దొరికిందల్లా వింటూ పోతే మొదటి రోజైన విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందటి పవిత్ర గురువారం దాకా చెవికి తీరిక ఉండదు, మనసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకని ఈ రివ్యూకి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. ఇది విన్నాక కాసేపు ప్రార్థనలో కూర్చోవాలనిపిస్తోందా, వెంటనే తర్వాతి ఎపిసోడ్ నొక్కాలనిపిస్తోందా?

ఈ కొలత నేను కొత్తగా కనిపెట్టింది కాదు, శ్రీసభ (కతోలిక చర్చి) పద్ధతిలోనే ఉంది. తపస్సుకాలంలో గుడిలో జరిగే పూజలో (మాస్) అల్లెలూయ వినపడదు, ఆదివారాల్లో గ్లోరియా అనే స్తుతిగీతం పాడరు. ఆర్గన్ అయినా మరే వాయిద్యమైనా పాడేవాళ్ల గొంతుకి ఆసరాగా మాత్రమే వాయించాలని పూజా నియమాల్లో రాసి ఉంది. నాలుగో ఆదివారానికీ, మహోత్సవాలకీ, పండుగలకీ మాత్రం మినహాయింపు. అంటే చెవికి కూడా ఉపవాసం ఉందన్నమాట. మరి చెవి ఉపవాసం ఉండాల్సిన రోజుల్లో రోజుకి మూడు పాడ్‌కాస్ట్‌లు, రెండు ప్లేలిస్టులు పెట్టుకుంటే ఎలా? ఒక గొంతు, ఒక సంగీతం, మధ్యలో ఖాళీ. నాకు పనిచేసే లెక్క ఇదే.

పాడ్‌కాస్ట్‌లలో నా మొదటి ఓటు 'ప్రే యాజ్ యూ గో'కి. బ్రిటన్‌లోని యేసుసభ (జెస్యూట్) గురువులు 2006 తపస్సుకాలంలో మొదలుపెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది, పూర్తిగా ఉచితం. ఒక్కో భాగం పది, పదమూడు నిమిషాలు. ముందు కాస్త సంగీతం, తర్వాత ఆరోజు పూజలో చదివే పఠనాల్లోంచి ఒకటి, ఆపైన ఒకటి రెండు ప్రశ్నలు, మళ్లీ అదే పఠనం ఇంకోసారి. ప్రసంగం లేదు, కథలు లేవు, తమ సొంత సంగతులు చెప్పుకోవడం లేదు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీని ఈడ్చుకొచ్చిన ఘట్టం వచ్చిందనుకోండి, అందరూ అరుస్తుంటే యేసు వంగి నేల మీద వేలితో రాస్తూ కూర్చున్న ఆ కాసేపట్లో నువ్వు ఆ గుంపులో ఎక్కడ నిలబడి ఉన్నావు అన్న తరహాలో ఒక మాట అడిగి ఊరుకుంటారు. సన్నివేశంలోకి మనమే వెళ్లి నిలబడటం పునీత ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన ధ్యాన పద్ధతి, దాన్ని ఇయర్‌ఫోన్స్‌లోకి ఇంత చక్కగా తెచ్చినవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు. పఠనం రెండోసారి చదువుతారు చూడండి, అక్కడ ఉంది దీని బలమంతా. మొదటిసారి మన చెవిన పడకుండా జారిపోయిన ఒక మాట రెండోసారి వచ్చి సూటిగా తగులుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. చాలా పాడ్‌కాస్ట్ యాప్‌లలో మాటల మధ్య నిశ్శబ్దాన్ని కత్తిరించే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, టైమ్ కలిసొస్తుందని ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోయి ఉంటారు. వార్తలకి, ఇంటర్వ్యూలకి అది బాగానే ఉంటుంది కానీ ప్రార్థన పాడ్‌కాస్ట్‌కి పెడితే, ప్రశ్న అడిగాక మనకోసం వదిలిన ఆ ఖాళీ కాస్తా ఎగిరిపోయి ప్రశ్న మీద ప్రశ్న వచ్చి పడుతుంది. దాన్ని ఆపేయండి. వేగం కూడా మామూలు వేగంలోనే ఉంచండి.

'ది బైబిల్ ఇన్ ఎ ఇయర్' గురించి చెప్పకుండా కతోలిక పాడ్‌కాస్ట్‌ల మాట ముగించలేం. ఫాదర్ మైక్ ష్మిట్జ్ చదువుతారు, అసెన్షన్ సంస్థ తయారుచేసింది, 2021 జనవరి 1న మొదలైంది, మొత్తం 365 భాగాలు. మొదలైన రోజుల్లోనే అమెరికాలో ఆపిల్ పాడ్‌కాస్ట్‌ల జాబితాలో అన్నిటికంటే పైకి వెళ్లింది. వట్టి బైబిల్ చదవడాన్ని అంతమంది వినడం చూస్తే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. జెఫ్ కేవిన్స్ అనే బైబిల్ బోధకుడు తయారుచేసిన కాలక్రమం ప్రకారం చదువుతారు కాబట్టి కథ ఎక్కడా తెగదు, ఒక చరిత్ర పుస్తకంతో పాటు ఇంకో పుస్తకంలోంచి కొంత, ఒక కీర్తనో సామెతో, తర్వాత చిన్న ప్రార్థన, కొంత వివరణ. ఫాదర్ మైక్ గొంతులో ఉత్సాహం మామూలుది కాదు, లేవీయకాండంలో బలుల నియమాలు చదివేటప్పుడు కూడా ఇది మీకు అవసరమయ్యేదే అన్నట్టు చదువుతారు. కాకపోతే మాట వేగం ఎక్కువ. ఇంగ్లీషు వినడం అంతగా అలవాటు లేనివాళ్లు పక్కన బైబిల్ తెరిచి పెట్టుకుని, ఏ అధ్యాయమో ముందే చూసుకుని వింటే బాగా అందుతుంది.

మరి తపస్సుకాలానికి సరిపోతుందా? ఏడాది పొడవునా నడిచేది నలభై రోజుల్లో ఎలాగూ అయిపోదు. కానీ విభూది బుధవారం నాడు మొదటి భాగంతో మొదలుపెట్టారనుకోండి, ఆదికాండం దాటి, ఐగుప్తు దాటి, నలభై భాగాలయ్యేసరికి నిర్గమకాండంలో ఇశ్రాయేలు ప్రజలతో పాటు ఎడారిలో ఉంటారు. యేసు నలభై దినాలు ఎడారిలో గడపడానికి వెనక ఉన్న కథ అదే కదా. అక్కడికి చేరుకున్న చెవితో పాస్కా (ఈస్టర్) జాగరణలో ఎర్రసముద్రం దాటిన పఠనం వింటే, అది ఎవరిదో పాత కథ అనిపించదు. ఆ ఒక్క కారణానికైనా దీన్ని సిఫారసు చేస్తాను. ఒక భాగం ఇరవై, ఇరవైఐదు నిమిషాలు పడుతుంది, అంత టైమ్ లేని రోజున వివరణ వదిలేసి పఠనం వరకైనా వినండి, పఠనం వదిలేసి వివరణ మాత్రం వినకండి.

ఆదివారం ప్రసంగాలకైతే బిషప్ రాబర్ట్ బ్యారన్‌వి చాలు, సుమారు పావుగంట, ఆ ఆదివారం పఠనాల మీదే. తర్కం ఎక్కువ, ప్రార్థన తక్కువ, కానీ పూజకి వెళ్లే ముందు రోజు వింటే మర్నాడు పఠనాలు వేరేలా వినిపిస్తాయి.

'హ్యాలో' అనే ప్రార్థన యాప్ సంగతి వేరు. 2018లో వచ్చింది, ఏటా తపస్సుకాలానికి 'ప్రే 40' అని ఒక నలభై రోజుల కార్యక్రమం పెడతారు, 2024లో విభూది బుధవారం సమయానికి అమెరికాలో ఆపిల్ యాప్ స్టోర్ మొత్తంలో మొదటి స్థానానికి వెళ్లింది. కొంత ఉచితం, చాలా భాగానికి చందా కట్టాలి. రికార్డింగులో చాలా శ్రద్ధ ఉంది, గొంతులు మంచివి, ధ్యానం ఎంతసేపు ఉండాలో మనమే ఎంచుకోవచ్చు. అదే పఠనాన్ని ఐదు నిమిషాల్లో కావాలంటే అలా, పావుగంటకి కావాలంటే అలా. లక్షలమంది ఒకే రోజు ఒకే పఠనంతో ప్రార్థిస్తున్నారన్న తోడు కూడా కొందరికి చాలా బలం. ఒంటరిగా తపస్సు మొదలుపెట్టి మొదటి వారంలోనే వదిలేసేవాళ్లకి ఇదే సరైనది అంటాను.

అయితే ప్రార్థన యాప్‌లన్నిటి గురించీ కలిపి ఒక మాట, ఏ ఒక్కదాన్నీ వేలెత్తి చూపడం కాదు. వరసగా ఎన్ని రోజులు చేశారు, ఎక్కడ తెగింది అని లెక్క చూపించే ఏర్పాటు చాలావాటిలో ఉంటుంది. విభూది బుధవారం సువార్తలో యేసు ఏమంటారు? ప్రార్థన చేసేటప్పుడు తలుపు వేసుకో, రహస్యంలో చూసే నీ తండ్రికి అది చాలు అంటారు. ఆ మాట విన్న వారంలోనే ప్రార్థనకి మార్కులు వేసుకోవడం నాకు నప్పదు. ఒకరోజు తప్పితే లెక్క పోయిందని టెన్షన్ పడి రాత్రి పడుకునే ముందు హడావుడిగా ప్లే నొక్కడం తపస్సు కాదు. ఆ లెక్క, ఆ నోటిఫికేషన్లు ఆపుకునే వీలుంటే ముందు ఆ పని చేయండి, తర్వాత యాప్ వాడండి.

ఇద్దరు ముగ్గురు కూర్చుని నవ్వుకుంటూ మాట్లాడుకునే కతోలిక పాడ్‌కాస్ట్‌లు కూడా బోలెడు. మంచి స్నేహంలా ఉంటాయి, విశ్వాసం గురించి మామూలు మాటల్లో మాట్లాడతారు, నాకిష్టం కూడా. ఈ నలభై రోజులూ మాత్రం పక్కన పెట్టమంటాను. పాస్కా కాలం యాభై రోజులుంది, అప్పుడు వినొచ్చు.

ఇక సంగీతం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తపస్సుకాలానికి శ్రీసభ దాచిపెట్టిన సంగీతం అంత ఉంది, చాలామంది దాని జోలికే వెళ్లరు.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది 18వ శతాబ్దపు ఆస్ట్రియా స్వరకర్త జోసెఫ్ హైడన్ 'సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటలు'. 1786 ప్రాంతంలో స్పెయిన్‌లోని కాదిస్ నగరం నుంచి ఒక కబురు వచ్చింది, గుడ్‌ఫ్రైడే ప్రార్థనకి సంగీతం కావాలని. అక్కడి పద్ధతి ఎలా ఉండేదో హైడన్ తర్వాత రాసి పెట్టాడు. గుడి గోడలకీ కిటికీలకీ స్తంభాలకీ నల్లగుడ్డ కట్టేవారు, మధ్యలో ఒక్కటే పెద్ద దీపం. మధ్యాహ్నం తలుపులు మూసేవారు. మేత్రాణులు (బిషప్) వేదిక ఎక్కి ఏడు మాటల్లో ఒకటి పలికి, దాని మీద ప్రసంగించి, దిగి పీఠం ముందు మోకరించేవారు. ఆయన మోకాళ్ల మీద ఉన్నంతసేపూ సంగీతం. మళ్లీ ఎక్కి రెండో మాట. ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలు, ఏడూ నెమ్మదిగా సాగేవే, వినేవాళ్లకి విసుగు రాకుండా అలాంటివి ఏడు వరసగా రాయడం అంత తేలిక కాదని హైడనే ఒప్పుకున్నాడు.

ఈ ఏర్పాటు చూడండి. ముందు మాట, తర్వాత మోకరించడం, అప్పుడు సంగీతం. పాడ్‌కాస్ట్‌నీ సంగీతాన్నీ తపస్సుకాలంలో ఎలా కలుపుకోవాలి అంటే నేను చూపించేది ఇదే. రెండూ ఒకదాని మీద ఒకటి వేసుకుని, వంట చేస్తూ, మెసేజ్‌లు చూస్తూ వినడం కాదు. ఇంకో చక్కటి సంగతి, విభూది బుధవారం తర్వాత వచ్చే శుక్రవారం నుంచి లెక్కపెడితే గుడ్‌ఫ్రైడేతో కలిపి సరిగ్గా ఏడు శుక్రవారాలు. ఏడు మాటలకి ఏడు శుక్రవారాలు. ఒక్కో శుక్రవారం ఒక్క మాట సువార్తలో చదివి, కాసేపు ఊరుకుని, హైడన్‌లో ఆ ఒక్క భాగం వినండి. ఆర్కెస్ట్రా రూపం ఉంది, గాయకబృందంతో ఉన్నదీ ఉంది, కానీ 1787లో ఆయనే నాలుగు తంత్రీవాద్యాలకి మార్చిన రూపం వ్యక్తిగత ప్రార్థనకి బాగా దగ్గరగా ఉంటుంది. ఐదో మాట 'దాహమగుచున్నది' దగ్గర వాద్యాలు కమాను పక్కన పెట్టి తీగల్ని వేళ్లతో మీటుతుంటాయి, చుక్క చుక్కగా, ఆ చుక్కల మీద ఒక వయొలిన్ రెండే స్వరాలు కిందికి జారుస్తుంది. ఎండిన నోటితో మాట పెగలనట్టు ఉంటుంది. కాసేపటికి మొత్తం గట్టిగా విరుచుకుపడుతుంది, మళ్లీ ఆ రెండు స్వరాలే. సంగీతం గురించి ఏమీ తెలియనివాళ్లకి కూడా ఇది తాకుతుంది.

గ్రెగోరియన్ గానం (వాయిద్యాలు లేకుండా అందరూ ఒకే స్వరంలో పాడే పాత శ్రీసభ గానం) ఎప్పుడూ విననివాళ్లు 'లెంట్ ఎట్ ఎఫెసస్' ఆల్బమ్‌తో మొదలుపెట్టొచ్చు. అమెరికాలోని మిస్సోరీలో ఉండే బెనెడిక్టైన్ మఠకన్యల బృందం 2014లో తెచ్చింది. కచేరీ గాయనులు కాదు, రోజుకి ఎన్నోసార్లు గుడిలో కలిసి కీర్తనలు పాడటమే వాళ్ల జీవితం, అందుకే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో అందరికీ ఒకేసారి తెలుసు. లాటిన్, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి. ఇందులో ఏ ఒక్క గొంతూ ముందుకి రాదు, అదే నాకు బాగా నచ్చింది. ఒకేసారి మొత్తం వినకండి, రెండు మూడు పాటలు చాలు.

గ్రెగోరియో అల్లెగ్రి 'మిసెరెరే' 51వ కీర్తన, విభూది బుధవారం పూజలో మనం పాడే అదే పశ్చాత్తాప కీర్తన. 17వ శతాబ్దంలో రోమ్‌లోని సిస్టైన్ చాపెల్ కోసం, పవిత్ర వారంలో పాడటానికి రాశాడు. 1770లో 14 ఏళ్ల మోజార్ట్ అక్కడ విని జ్ఞాపకంతోనే రాసేసిన కథ అందరికీ తెలిసిందే. దీని అమరిక గమనిస్తే వినడంలో ఇంకా రుచి ఉంటుంది. ఒక చరణం ఐదు గొంతుల బృందం, తర్వాతి చరణం ఒకే స్వరంలో సాగే సాదా గానం, ఆ తర్వాత దూరంగా నిలబడ్డ నాలుగు గొంతుల బృందం, మళ్లీ సాదా గానం, ఇలా సాగి చివర్లో మాత్రమే తొమ్మిది గొంతులూ కలుస్తాయి. అందరూ చెప్పుకునే ఆ ఆకాశమంత ఎత్తు స్వరం నిజానికి అల్లెగ్రి రాసింది కాదు, తర్వాతి కాలపు ప్రతుల్లో వచ్చి చేరింది. నామటుకు నాకు ఆ స్వరం కంటే మధ్యలో వచ్చే సాదా గానమే ప్రార్థనలా ఉంటుంది, ఆ ఎత్తు కోసం కాచుకుని కూర్చుంటే కీర్తన వినడం మానేసి విన్యాసం చూస్తున్నట్టే. టాలిస్ స్కాలర్స్ 1980లో చేసిన రికార్డింగ్ వినండి, దూరంలో ఉన్న బృందం నిజంగా దూరం నుంచే వినిపిస్తుంది.

ఇటలీ స్వరకర్త పెర్గొలేసి 'స్టాబాత్ మాతెర్' వ్యాకులమాత (సిలువ దగ్గర దుఃఖిస్తూ నిలబడ్డ మరియమ్మ) కోసం. సిలువ మార్గంలో ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి నడిచేటప్పుడు పాడే ఆ పాత లాటిన్ గీతానికే ఆయన సంగీతం కట్టాడు. 1736లో 26 ఏళ్లకే చనిపోయాడు, చివరి వారాల్లో రాసింది ఇది. రెండే గొంతులు, కొన్ని తంత్రీవాద్యాలు. మొదట్లో కింద బాస్ ఒకే నడకతో నడుస్తూ ఉంటుంది. పైన ఒక గొంతు ఒక స్వరం మీద నిలబడుతుంది, రెండోది వచ్చి సరిగ్గా పక్క స్వరం మీద ఆనుతుంది, రెండూ ఒరుసుకుంటాయి, భరించలేక మొదటిది ఒక మెట్టు దిగుతుంది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ అదే ఒరిపిడి ఇంకో మెట్టు పైన. ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నట్టు ఉంటుంది. అయితే నలభై నిమిషాలూ ఇదే స్థాయిలో ఉండదు, మధ్యలో కొన్ని భాగాలు మరీ హుషారుగా ఉన్నాయి. హాస్య నాటకానికి ఆయన రాసిన సంగీతంలాగే ఉందని 18వ శతాబ్దంలోనే పాద్రే మార్తీని అనే ఫ్రాన్సిస్కన్ పండితుడు అన్నాడు, ఆ మాటలో నిజం ఉంది. మొదటి భాగం, చివరి భాగం విన్నా సరిపోతుంది.

ఈస్టర్ ముందటి పవిత్ర వారానికి మాత్రం స్పెయిన్ స్వరకర్త తోమాస్ లూయిస్ దె విక్టోరియాని అట్టే పెట్టుకోండి. ఈయన కతోలిక గురువు (ఫాదర్) కూడా. 1585లో రోమ్‌లో అచ్చయిన పవిత్ర వార సంగీతంలో తెనెబ్రే ప్రార్థనకి రాసిన 18 గీతాలున్నాయి. కీర్తనలు ఒక్కొక్కటీ అయ్యేకొద్దీ కొవ్వొత్తులు ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ పోయే ప్రార్థన అది. యూదా ముద్దు, తోటలో ఒంటరితనం, సిలువ, సమాధి, అన్నీ వస్తాయి, కానీ ఎక్కడా గొంతు పెంచి ఏడవడు. నా లెక్కలో ఈ జాబితా మొత్తంలో గొప్పది ఇదే. ముందే వినేసి అలవాటు చేసుకోకండి, పవిత్ర గురు, శుక్ర, శనివారాలు మూడింటికీ ఆరేసి చొప్పున రాశాడు, ఆ మూడు రోజుల్లోనే వినండి.

జేమ్స్ మెక్‌మిలన్ 1993లో రాసిన 'సెవెన్ లాస్ట్ వర్డ్స్ ఫ్రమ్ ది క్రాస్' అందరికీ కాదు. గాయకబృందం, తంత్రీవాద్యాలు, కొన్నిచోట్ల చెవి మూసుకోవాలనిపించేంత గరుకు. కానీ చివర్లో గొంతులు ఆగిపోయాక వయొలిన్లు నిట్టూర్పుల్లా తెగుతూ తెగుతూ ఖాళీలోకి వెళ్లిపోతాయి. హైడన్ మీకు మరీ మృదువుగా అనిపిస్తే ఇటు రండి.

లాటిన్ బరువనిపించేవాళ్లకి ఫ్రాన్స్‌లోని తెజే అనే ప్రార్థన సముదాయం పాటలు బాగుంటాయి. ఆ సముదాయం కతోలికులకి మాత్రమే చెందింది కాదు, కానీ ఆ పాటలెన్నో కట్టిన జాక్ బెర్తియే పారిస్‌లో యేసుసభ వారి గుడిలో ఆర్గన్ వాయించినవాడు. రెండు పంక్తులు, అవే మళ్లీ మళ్లీ. మూడోసారికి మీరూ పాడేస్తారు.

ఏది విన్నా ఆటోప్లే ఆపేయండి. విక్టోరియా అయిపోయిన మరుక్షణం యాప్ తనకి తోచిన ఇంకేదో డప్పుల పాట వేస్తే అప్పటిదాకా విన్నది మొత్తం చెరిగిపోతుంది. పాటల వరస కలిపేసే షఫుల్ కూడా వద్దు. లాటిన్ పాటల అర్థం వినేముందు ఒకసారి చదువుకోండి, మధ్యలో ఫోన్ చూడాల్సిన పని ఉండదు. ఇది చదివేసరికే మూడు శుక్రవారాలు దాటిపోయి ఉంటే, వెనకబడిపోయామని మూడు మాటలూ ఒకే రాత్రి వినకండి, వచ్చే శుక్రవారం నాలుగో మాట నుంచి అందుకోండి.